ఏ ప్లాస్టికు ఏ అచ్చుకు లొంగును?

కైకలూరు, ఆకివీడు ప్రాంతములనుండి మంచులో కప్పిన చేపలతో లారీలు రాత్రింబవళ్ళు వంగదేశమునకు, అస్సామునకు పోవుచుండుట కొల్లేటి ప్రాంతపువారందరు ఎరిగినదే. ఒకప్పుడు చేపకు వెదురుబుట్టయే వాహనము; నేడు ప్లాస్టికు పెట్టె. అయితే ప్లాస్టికు అను ఆ ఒక్క మాట క్రింద ఎన్ని వేరువేరు వస్తువులు దాగియున్నవో చేపల వ్యాపారమున్నచోటనే కొంతసేపు నిలిచి చూచినచో తెలియును. చేపలుపోసిన గట్టి రంగుపెట్టె ఒక రకము. మంచు త్వరగా కరగకుండ వాడు తెల్లని థర్మోకోలు పెట్టె మరియొక రకము. గడ్డకట్టించిన రొయ్యలను వరుసగా పేర్చిన పలుచని పళ్ళెము ఇంకొక రకము. మొదటిదానిని కరగిన ప్లాస్టికును మూసియున్న అచ్చులోనికి బలముగా చిమ్మి చేయుదురు. రెండవదానిని ఆవాలవంటి పూసలను ఆవిరితో ఉబ్బించి ఒండొంటికి అతుకుకొనునట్లు చేసి తయారుచేయుదురు. మూడవదానిని మాత్రము రేకును మెత్తపరచి అచ్చుపై కూర్చుండబెట్టి చేయుదురు. ఈ మూడవ పనిని చేయు యంత్రమునే థర్మోఫార్మింగు యంత్రమందురు. పెరుగు కప్పులు, ఐస్‌క్రీము కప్పులు, మిఠాయి పెట్టెలు, మందుబిళ్ళల రేకులు, నారుమడి ట్రేలు దానినుండి వచ్చినవే.

తాడేపల్లిగూడెములోనో, ఏలూరులోనో ఇట్టి యంత్రము నొకదానిని పెట్టి బ్రతుకుతెరువు చూచుకొందమను యువకులు మన ప్రాంతమున లేకపోలేదు. వారికి యంత్రములు అమ్మువారు మొదట చెప్పుమాట, "ఇది అన్ని ప్లాస్టికులను చేయును" అని. ఆ మాట అబద్ధమని మేము అనము. పొయ్యి ఉన్నచో అన్ని వంటలు అగుననుటవంటిది ఆ మాట. పొయ్యి ఒక్కటియే ఐనను పెసరట్టుకు పెట్టు సెగ వేరు, పాలకు పెట్టు సెగ వేరు. పాలను క్షణము మరచినచో పొయ్యిపాలే. ప్లాస్టికులలోను పెసరట్టు స్వభావముగలవి, పాల స్వభావముగలవి యున్నవి.

మొదట యంత్రము సంగతి. ప్లాస్టికు రేకు చుట్టలుగా వచ్చును. మందము సాధారణముగా రెండు మిల్లీమీటర్లకు లోబడియే యుండును. ముండ్లుగల రెండు గొలుసులు రేకు అంచులను పట్టి ముందునకు లాగుకొనిపోవును. పైనను క్రిందను వేడినిచ్చు పలకల నడుమ రేకు మెత్తబడును. మెత్తబడిన భాగము అచ్చునొద్దకు రాగానే అచ్చు మూసికొనును. ఒక దిమ్మ రేకును గుంటలోనికి నెట్టును. అచ్చునందలి సన్నని రంధ్రములగుండ గాలిని లాగివేయుదురు, లేదా పైనుండి ఒత్తిడిగాలిని వదలుదురు. గాలిని లాగివేయుటవలన కలుగు బలము ఎంతగొప్ప యంత్రమునందైనను చదరపు సెంటీమీటరునకు ఒక కిలోగ్రామునకు మించదు. అది మన నెత్తిమీదనున్న వాతావరణపు బరువే కదా! ఒత్తిడిగాలియైనచో దానికి నాలుగైదు రెట్లు బలము తెచ్చుకొనవచ్చును. ఈ భేదము ముందు మనకు పనికివచ్చును. చల్లని అచ్చుగోడను తాకి రేకు బిగియును, కత్తి కోయును, కప్పు బయటపడును. ఇదంతయు కొద్ది సెకండ్లపని.

కప్పు లోతగుకొలది రేకు పలుచబడును. బొబ్బట్టును ఒత్తిన గృహిణులకు ఇది చెప్పనక్కరలేదు. నోటి వెడల్పు ఎంతయో లోతు అంతయే గల కప్పును తీసికొందము. అడుగు, చుట్టుగోడ కలిపి లెక్కించినచో, మొదటి గుండ్రని రేకుకు అయిదు రెట్ల వైశాల్యము వచ్చును. అనగా ఒక మిల్లీమీటరు రేకు సగటున మిల్లీమీటరులో అయిదవవంతు అగును. మూలలయందు అంతకంటెను పలుచన. పెరుగు కప్పు అడుగుమూలయందే ముందుగా కారుటకు కారణమిదే. రేకు సమముగా సాగుటకు ఆ ప్లాస్టికు ఎంతసేపు, ఎంత వేడిమి మేర మెత్తగా నిలిచియుండును అనునది ముఖ్యము. మొత్తము విషయమంతయు ఆ ఒక్క గుణముపై ఆధారపడియున్నది.

అసలు మెత్తబడుటకే ఒప్పుకొనని ప్లాస్టికులును కలవు. మీ తాతగారి కాలపు రేడియో యింటిలో నుండినచో దాని గోధుమరంగు పెట్టెను చూడుడు. అది బేకలైటు, 1907లో బేక్‌లాండు అను రసాయనవేత్త కనిపెట్టినది. ఒకసారి అచ్చులో ఉడికి బిగిసిన తరువాత దానిని ఎంత వేడిచేసినను కమిలిపోవునే కాని మెత్తబడదు. కాలిన కుండ మరల మట్టిముద్ద కానట్లు. అట్టివి మన యంత్రమునకు పనికిరావు. వేడికి మెత్తబడి, చల్లబడినంతనే బిగిసి, మరల వేడికి మెత్తబడు జాతియే దానికి కావలెను.

ఈ జాతిలో రెండు తెగలున్నవి. జీళ్ళపాకమును చూచినవారికి మొదటి తెగ సులభముగా బోధపడును. బెల్లపు పాకము చల్లారుచున్నంతసేపు, లాగినకొలది సాగుచు, క్రమముగా గట్టిపడుచు వచ్చును. ఇదిగో ఈ క్షణమున గట్టిపడినదని వేలుపెట్టి చూపలేము. రెండవ తెగ నేతివంటిది. పేరిన నేయి పేరినదే, కరగిన నేయి కరగినదే. నడుమ నిలుచు స్థితి చాల కొంచెము. మొదటి తెగయందు అణుమాలికలు చిక్కుపడిన నూలువలె అడ్డదిడ్డముగా నుండును. రెండవదానియందు కొన్ని భాగములు చక్కగా మడతపెట్టిన బట్టవలె వరుసలు తీరి స్ఫటికములుగా నుండును. ఆ స్ఫటికములు కరగువరకు రేకు బిఱ్ఱుగా నుండి, కరగగానే ఒక్కసారి జారిపోవును.

మన యంత్రమునకు అన్నిటికంటె ప్రియమైనది జీళ్ళపాకము తెగకు చెందిన పాలిస్టైరీను. సుమారు 100 డిగ్రీల వద్ద అది బిగువు వీడును. 130 మొదలు 170, 180 డిగ్రీల వరకు ఎక్కడ పట్టినను అచ్చుకు లొంగును. పలకల వేడి అయిదారు డిగ్రీలు ఎక్కువ తక్కువలైనను కప్పు చెడదు. చల్లారినపుడు నూటికి ఒకపాలుకూడ కుంచించుకొనదు. కోసినచో నున్నగా తెగును. దాని దోషము పెళుసుతనము. అందువలన దానిలో కొంత రబ్బరు కలిపి గట్టితనము తెత్తురు; అప్పుడు పారదర్శకత పోయి పాలరంగు వచ్చును. బస్సుస్టాండులో కొను ఐస్‌క్రీము కప్పులలో పెక్కింటిది ఈ పదార్థమే. దీనినే వాయువుతో నురుగుపరచి రేకుగా తీసినచో తెల్లని మెత్తని ఫలహారపు పళ్ళెములు వచ్చును. అవి థర్మోకోలు పెట్టెకు చుట్టములేగాని, పుట్టుక వేరు.

పి.వి.సి. కూడ ఈ తెగదే. మందుబిళ్ళలను ఒక్కొక్కటిగా నొక్కి తీయు పారదర్శకమైన రేకు చాలవరకు అదియే. చక్కగా లొంగును, స్పష్టముగా నుండును, నూనెకు చెదరదు. కాని వేడి మితిమీరినచో హైడ్రోక్లోరికు ఆమ్లపు వాయువును విడుచును. అది అచ్చులను తినివేయును, పనివాని కన్నులను మండించును. ఆహారపు పెట్టెలలో దీని చోటును నేడు పెట్ చాలవరకు ఆక్రమించినది.

పెట్ అనగా మంచినీళ్ళ సీసా పదార్థము. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డు, డిక్సన్ అనువారు దీనిని తయారుచేసిరి. రేడియో కేంద్రములలో పాటలను, నాటకములను దశాబ్దములపాటు భద్రపరచిన టేపులలో చాలవాటికి ఆధారమైన పట్టీ ఇదియే యనిన శ్రోతలకు వింతగా నుండవచ్చును. స్వభావముచే పెట్ రెండవ తెగకు చెందినదే. అయితే దాని అణుమాలికలు వరుసతీరుటలో సోమరులు; కరగిన రేకును చటుక్కున చల్లార్చినచో స్ఫటికములు ఏర్పడుటకు వ్యవధి యుండదు. ఆ విధముగా పట్టిన రేకు అద్దమువలె స్పష్టముగానుండి, 110 మొదలు 140 డిగ్రీల ప్రాంతమున జీళ్ళపాకమువలె సాగును. యంత్రమున ఎక్కువసేపు వేడియందు నిలిపినచో సోమరితనము వదలి స్ఫటికములు కట్టుట మొదలుపెట్టును. రేకు తెల్లబడును, సాగదు. రేకును తీయు కర్మాగారమునందు మాత్రము దానికి తేమ శత్రువు. పలుకులను బాగుగా ఎండబెట్టక కరగించినచో అణుమాలికలు తెగి పెళుసుబారును. మన కోస్తా గాలిలోని తడిని తలచినచో ఇది చిన్న విషయము కాదు. కోతకు పదునైన కత్తులు కావలెను; పాలిస్టైరీనుకు సరిపోయిన కత్తి పెట్‌కు చాలదు. కావలెననియే అచ్చును వేడిగానుంచి స్ఫటికములు కట్టనిచ్చినచో, వంటపొయ్యిలో 200 డిగ్రీలవరకు నిలుచు పళ్ళెములు తయారగును. ఆ పని వేరొక విద్య.

ఇక మొరాయించునది పాలిప్రొపిలీను. 1954లో ఇటలీదేశపు నట్టా పండితుడు దీనిని క్రమమైన అమరికతో తయారుచేసెను. నేడు వేడి పులుసులను మూటగట్టి ఇంటికి పంపు నల్లని డబ్బాలలోను, పెరుగు కప్పులలోను కనబడునది విశేషముగా ఇదియే. ధర అందుబాటులోనిది, బరువు తక్కువ, 100 డిగ్రీల వేడికి వంగిపోదు. ఇన్ని సుగుణములున్నను యంత్రమునొద్ద దీనిది నేతి స్వభావము. సుమారు 165 డిగ్రీల వద్ద కరగును. దానికి కొంచెము దిగువ, 150కి 160కి నడుమ, ఆ కొద్ది డిగ్రీల సందులోనే దీనిని పట్టుకొనవలెను. తక్కువైనచో అచ్చు మూలలకు చేరదు. ఎక్కువైనచో తడిసిన దుప్పటివలె నడుమ వ్రేలాడి పలకలకు తగులును. ఆ సందులో ఇంకను బిగువుగా నుండు రేకును అచ్చులోనికి అదుముటకు వాతావరణపు ఒక్క కిలోగ్రాము బలము చాలదు, ఒత్తిడిగాలి కావలెను. ముందు గుర్తుంచుకొనుడన్నది ఇందులకే. గాలిని లాగు ఏర్పాటు మాత్రమేగల చిన్న యంత్రమును కొని, దానిపై పాలిప్రొపిలీను కప్పులు మంచివి తీయుదమని బయలుదేరినవాని అవస్థ ఊహించుకొనవచ్చును.

ఇంతటితో పోలేదు. ఒకే బరువుగల పాలిస్టైరీను రేకుకంటె దీనిని వేడిచేయుటకు చాల ఎక్కువ శక్తి పట్టును. స్ఫటికములను సడలించుటకు అదనపు వేడి వ్యయమగును. అందువలన వేడిపలకల వరుస పొడవుగా నుండవలెను. చల్లారుటకును ఎక్కువ సమయము పట్టును, కావున అచ్చులో చన్నీటి ప్రవాహము బలముగా నుండవలెను. మే నెలలో ఏలూరు ఎండలకు తొట్టిలోని నీరే గోరువెచ్చనగు రోజులలో, నీటిని చల్లార్చు యంత్రము లేనిదే పని నడువదు. చల్లారిన తరువాత ఇది నూటికి ఒకటి మొదలు రెండు పాళ్ళు కుంచించుకొనును. పాలిస్టైరీను కొరకు చెక్కిన అచ్చులో దీనిని తీసినచో మూత బిగియదు. ఒక అచ్చుతో రెండు ప్లాస్టికులను నడుపుదమను ఆశ తరచుగా ఇచ్చటనే భగ్నమగును.

పాలిథీనులో గట్టి రకము 130 డిగ్రీల ప్రాంతమున కరగును. వ్రేలాడు గుణము దీనికిని కలదు, పారదర్శకత లేదు. పెద్ద తొట్లకు, బరువు పళ్ళెములకు వాడుదురుగాని చిన్న కప్పులకు దీనిని ఎంచుకొనువారు తక్కువ. మొక్కజొన్న, చెఱకువంటి పంటల చక్కెరలనుండి తీయు పి.ఎల్.ఎ. అను క్రొత్త పదార్థము 100 డిగ్రీల లోపలనే యంత్రమునకు చక్కగా లొంగును. కాని 55, 60 డిగ్రీలకే సోలిపోవును. పొగలుగ్రక్కు కాఫీ దానిలో పోయరాదు, వేసవిలో మూసిన లారీలో దానిని వదలరాదు. మట్టిలో కలియుననుట నిజమే, అయితే 60 డిగ్రీలవరకు వేడెక్కు పెద్ద ఎరువుకుప్పలలో. పెరటి గోతిలో వేసి సంవత్సరము తిరిగి వచ్చి చూచినను చాలవరకు అట్లే యుండును.

మాంసమును, చేపను నెలలతరబడి నిలుపుటకు, ఒకదానిపై ఒకటి నాలుగైదు పొరలు అంటించిన రేకులను కూడ ఈ యంత్రము చేయగలదు. ప్రాణవాయువును లోనికి రానీయని పొర ఒకటి, నీటిని ఆపు పొర ఒకటి, మూత అతుకుటకు ఒకటి. పొరలన్నియు ఒకే వేడికి మెత్తబడునట్లు కూర్చవలెను. నిలువయుంచుటలో దానికి సాటి లేదు. వాడి పారవేసిన తరువాత ఆ పొరలను విడదీయుటయు అంతే దుస్సాధ్యము.

యంత్రమునకు ఏది లొంగునో చెప్పితిమి. లోపల పెట్టు సరకుకు ఏది లొంగునో ఇప్పుడు చూడవలెను, ఏలయన పెక్కు నష్టములు ఇచ్చటనే వచ్చును. గడ్డకట్టిన రొయ్యలను సున్నకు దిగువ 18 డిగ్రీలలోనో, అంతకంటె చలిలోనో నిలువయుంతురు. సాధారణ పాలిప్రొపిలీను సున్న డిగ్రీల ప్రాంతముననే పెళుసుబారుట మొదలిడును. ఆ చలిలో పెట్టె చేతినుండి జారినచో పళ్ళెము పెంకులగును. పులుసు డబ్బాగా అంత మేలైనది రొయ్యల పళ్ళెముగా పనికిరాకుండుటకు ఇదియే హేతువు. ఎథిలీనుతో కలిపి చేసిన ప్రత్యేకరకము కొంత నయము. పెట్, రబ్బరు కలిపిన పాలిస్టైరీను ఆ చలిని ఓర్చుకొనును. అదే పెట్ డబ్బాలో మరుగుచున్న సాంబారు పోసినచో, 70 డిగ్రీలకే బిగువు వీడు పదార్థము గనుక ముడుచుకొనిపోవును. ఆవకాయ సంగతి మరియొకటి: నూనె, క్రొవ్వు తగిలినచోట పాలిస్టైరీనునందు వెండ్రుకవంటి పగుళ్ళు పుట్టి క్రమముగా పెరుగును. పచ్చళ్ళను, నేయి పూసిన ఆత్రేయపురపు పూతరేకులను అట్టి డబ్బాలలో పెట్టి దూరదేశములకు పంపువారు పెట్ లేదా పాలిప్రొపిలీనును ఎన్నుకొనుట మంచిది. తోటలలో వాడు నారు ట్రేకు వేడి, నూనెల బెడద లేదు. దానికి ఎండయే శత్రువు. నల్లని మసి కలిపి చేయుట సొగసునకు కాదు, ఎండనుండి కాపాడుటకు.

చేతిలోని కప్పు ఏ జాతిదో తెలిసికొనుట ఎట్లు? అడుగున త్రికోణములో అంకె యున్నచో చిక్కులేదు: 1 పెట్, 2 గట్టి పాలిథీను, 3 పి.వి.సి., 5 పాలిప్రొపిలీను, 6 పాలిస్టైరీను. 7 అనగా తక్కినవన్నియు. పొరల రేకులు, పి.ఎల్.ఎ. అందులోనివే. అంకె లేనిచో వంటింటిలోనే ఒక పరీక్ష చేయవచ్చును. చిన్న ముక్కను కత్తిరించి, సబ్బు నురుగుతో తడిపి, గాలిబుడగలు లేకుండ ఒక గిన్నెడు నీటిలో ముంచి విడువుడు. తేలినచో పాలిప్రొపిలీను లేదా పాలిథీను. అవి నీటికంటె తేలికైనవి. మునిగినచో రెండవ గిన్నెలో, ఇక కరగదనునంతవరకు ఉప్పు కలిపిన నీటిలో వేయుడు. అందు తేలినది పాలిస్టైరీను. మునిగినది పెట్ లేదా పి.వి.సి. నురుగు పళ్ళెములకు ఈ పరీక్ష చెల్లదు. వాటిలోని గాలి వాటిని ఎందైనను తేల్చును.

ఈ తేలుట, మునుగుటలు కొల్లేటి తీరమున ఆటవిషయములు కావు. ఏలూరు పట్టణమును చుట్టి పారు తమ్మిలేరు, విజయవాడ ప్రక్కగా వచ్చు బుడమేరు, రామిలేరు, గుండేరు, ఇవిగాక రెండు డెల్టాల మురుగుకాలువలు అన్నియు కొల్లేటిలోనికే వచ్చును. బయటికి పోవుటకు ఉప్పుటేరు ఒక్కటియే దారి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి వరదనీరు చేరినది ఈ సరస్సునకే. పట్టణములలో వీధిన పడిన పాలిప్రొపిలీను డబ్బా తేలుచు వచ్చి గుఱ్ఱపుడెక్కలో చిక్కుకొనును, లేదా ఉప్పుటేటిగుండ సముద్రమునకు పోవును. నురుగు పళ్ళెము ముక్కలై చెదరి నీటిపైననే తిరుగును. పాలిస్టైరీను కప్పు, పెట్ మూత నీరు నిండగానే మునిగి బురదలో దిగబడును. పైనుండి చూచువానికి కనబడవు. 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్సారు ఒప్పందపు పట్టికలోనికి ఎక్కిన ఈ సరస్సున, ఆటపాక వద్ద గూడబాతులు ముక్కుసంచిని వలవలె వేసి చేపను పట్టుట మీలో పలువురు చూచియుందురు. వల చేపను మాత్రమే ఏరి పట్టదు.

అందుచేత ప్రభుత్వ నియమములు కూడ ఈ యంత్రమును పెట్టువారు ముందుగా ఎరుగవలసినవి. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టికు పళ్ళెములు, కప్పులు, గ్లాసులు, చెంచాలు మొదలైనవాటి తయారీ, అమ్మకము, వాడుక 2022 జులై 1 నుండి భారతదేశమంతట నిషిద్ధములైనవి. పెండ్లిపందిరిలో మంచినీళ్ళకు ఇచ్చు పలుచని గ్లాసు, ఈ యంత్రముపై అన్నిటికంటె సులువుగా తీయదగిన వస్తువు, ఆ పట్టికలోనిదే. నియమముల ప్రకారము మట్టిలో కలియునని ధ్రువపత్రము పొందిన పదార్థమునకు మినహాయింపు కలదు. సరకు నింపి మూత అతికి అమ్ము పెరుగు కప్పువంటివి వేరు. అవి నిషిద్ధములు కావుగాని, వాటిని మరల సేకరించు బాధ్యత వాటిని బజారులోనికి తెచ్చినవారిపై పెట్టబడినది. నీళ్ళగ్లాసుల లెక్కలు చూపి యంత్రమును అంటగట్టువారి మాటలను విని అప్పుచేయుట ఎంతమాత్రమును తగదు.

కొనదలచినవాడు యంత్రముకంటె ముందు సరకును నిర్ణయించుకొనవలెను. సరకు చేపయో, పెరుగో, పచ్చడియో తేలినచో ప్లాస్టికు తేలును. ప్లాస్టికు తేలినచో యంత్రము తేలును. పాలిప్రొపిలీను కావలసివచ్చినచో ఒత్తిడిగాలి, పొడవైన వేడిపలకల వరుస, నీటిని చల్లార్చు యంత్రము మూడును ఉన్నవా యని అడుగవలెను. పెట్ అయినచో కత్తుల ఉక్కును చూడవలెను. 1968లో మద్రాసులో స్థాపింపబడిన సైపెట్ సంస్థకు విజయవాడ సమీపమునను ఒక కేంద్రము కలదు. ప్లాస్టికుల పరీక్షలు, శిక్షణము దాని పని. అప్పుపత్రముపై సంతకము చేయుటకు ముందు అట్టిచోటికి ఒకసారి పోయివచ్చుటకు బస్సుఛార్జీ మాత్రమే వ్యయమగును.

మరియొక లెక్క. 70 మిల్లీమీటర్ల గుండ్రని మూతులుగల కప్పులను 10 మిల్లీమీటర్ల ఎడముతో వరుసలుగా తీసినచో, రేకులో నూటికి 60 పాళ్ళు కప్పులగును. 40 పాళ్ళు పెద్ద జల్లెడవంటి కోతరేకుగా మిగులును. వ్యాపారమున లాభమో నష్టమో చాలవరకు ఆ 40 పాళ్ళలోనే యున్నది. ఒకే జాతి రేకైనచో దానిని నలుగగొట్టి రేకు తీయువారికే తిరిగి పంపవచ్చును. వారు క్రొత్తపలుకులలో కలుపుకొందురు. పెట్‌లో కొంచెము పి.వి.సి. కలిసినను ఆ వేడికి అది మాడి మొత్తము పచ్చబారును. పొరల రేకుయొక్క కోతను కొనువారే తక్కువ. కావున రేకు అమ్మువానిని ధర అడుగుటకు ముందు, కోతరేకును ఏ ధరకు తిరిగి తీసికొందువని అడుగవలెను. అతడు చెప్పు జవాబునుబట్టి, ఆ జల్లెడలు లారీలో వెనుకకు పోవునో, కర్మాగారపు వెనుకగోడ ప్రక్కన కాలువగట్టున పేరుకొనునో తెలియును.